కోవెంట్రీకి పంపించారు



ఇంగ్లండ్ నడిబొడ్డున కోవెంట్రీ అని ఒక నగరం ఉంది. ఆ ఊళ్లో ఒక యూనివర్సిటీ, ఊరి శివార్లలో వారిక్ యూనివర్సిటీ. రెండు చోట్లా మన తెలుగు పిల్లలు చదువుతున్నారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒక తండ్రి "మావాణ్ణి కోవెంట్రీకి పంపించామండీ" అంటే, "ఓహో, ఎమ్మెస్‌కా? ఖర్చెంతైంది?" అని అడుగుతాం. అదే మాట ఇంగ్లండ్‌లో ఏ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోనో, ఏ ఆఫీసు వరండాలోనో వినబడిందనుకోండి. అక్కడ ఎవరూ ఖర్చు సంగతి అడగరు. గొంతు తగ్గించి, "పాపం, ఏం చేశాట్ట?" అని అడుగుతారు. ఎందుకంటే ఆ మాటకు అర్థం వేరు. తోటివాళ్లంతా కూడబలుక్కుని ఒక మనిషితో మాట్లాడడం మానేశారని అర్థం. ఆ మనిషి ఎక్కడికీ వెళ్లడు. రోజూ అదే సీట్లో కూర్చుంటాడు, అదే మెషీన్ దగ్గర నిలబడతాడు. కానీ చుట్టుపక్కల వాళ్ల లెక్కలో మాత్రం అతను అక్కడ లేడు.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఈ జాతీయాన్ని వాడేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒక్కరు ఒక్కరితో మాటలు మానేస్తే అది కోవెంట్రీ కాదు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోకపోతే దాన్ని మనం అలక అంటాం. అన్నదమ్ములైతే ఎడమొహం పెడమొహంగా ఉన్నారంటాం. కోవెంట్రీకి పంపాలంటే ఒక గుంపు ఉండాలి, ఆ గుంపులో ఒక కట్టు ఉండాలి. ఎంత కోపమొచ్చినా మేనేజరు ఒక్కడే ఎవర్నీ కోవెంట్రీకి పంపలేడు. ఉద్యోగంలోంచి పంపగలడు, అది వేరే సంగతి. ఇది తోటివాళ్లు తోటివాడికి వేసే శిక్ష.

మరి ఇన్ని ఊళ్లుండగా కోవెంట్రీయే ఎందుకు? దీనికి ఇంగ్లీషువాళ్లు రెండు కథలు చెబుతారు. 1642లో అక్కడ రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. కోవెంట్రీ పార్లమెంటు పక్షాన గట్టిగా నిలబడిన ఊరు. పక్కనున్న బర్మింగ్‌హామ్ జనం రాజు సైనికులు చిన్న చిన్న గుంపులుగా దొరికితే పట్టుకుని, బందీలుగా కోవెంట్రీకి పంపేవారట. ఆ కాలపు చరిత్ర రాసిన క్లారెండన్ ప్రభువు ఆ సంగతి నమోదు చేశాడు. శత్రువుల ఊళ్లో బందీని పలకరించేదెవరు? ఇది మొదటి కథ. రెండో కథ ప్రకారం ఆ ఊరివాళ్లకు సైనికులంటేనే గిట్టదు. సైనికుడితో మాట్లాడిన ఆడమనిషిని కూడా ఊరంతా దూరం పెట్టేది. అందుకే అక్కడికి బదిలీ అంటే సైనికుడికి ఒంటరితనమే. ఈ రెండింటిలో ఏది అసలు మూలమో పండితులు ఇంతవరకు తేల్చలేదు. రెండు కథలూ తిరిగేది మాత్రం సైన్యం చుట్టూనే.

ఆ మాట వెనకాల ఉన్న పద్ధతిని చక్కగా చెప్పిన పుస్తకం ఒకటుంది. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ వీధి భాషకు నిఘంటువు తయారుచేశాడు. దొంగల మాటలు, సారా కొట్ల మాటలు, సిపాయిల మాటలు ఏరికూర్చాడు. ఆయన పోయాక 1811లో వచ్చిన కూర్పులో కోవెంట్రీ మాట కూడా ఉంది. సైనికాధికారులు తమ తోటి అధికారికి వేసే శిక్షగా దాన్ని వర్ణించారు. కోర్ట్ మార్షల్ దాకా పోవలసినంత పెద్ద నేరం కాదు, అలాగని చూసీచూడనట్టు వదిలేసేదీ కాదు. అలాంటి తప్పు చేసినవాణ్ణి కోవెంట్రీకి పంపుతారు. దానికి మూడు నిబంధనలు.

మొదటిది, ఆ మనిషి అక్కడ లేనట్టే లెక్క. డ్యూటీ మాట తప్ప ఇంకే మాటా అతనితో మాట్లాడకూడదు, అతను అడిగినదానికి జవాబు చెప్పకూడదు. రెండోది, ఎవరైనా జాలిపడి పలకరించారో, వాళ్లకూ అదే శిక్ష. మూడోది, తప్పు చేసినవాడు తప్పు ఒప్పుకుంటే భోజనశాలలో అందరూ అతణ్ణి మళ్లీ కలుపుకుంటారు. అప్పుడు అతణ్ణి కోవెంట్రీ ప్రయాణం ముగించుకుని ఇప్పుడే తిరిగొచ్చినవాడిలా ఆదరంగా పలకరిస్తారు.

ఈ మూడు నిబంధనల్నీ ఒకసారి మనసులో పెట్టుకోండి. మొదటిది శిక్ష. రెండోది ఆ శిక్షకు కాపలా. మూడోది తిరుగు ప్రయాణం. ఆ మాట సైన్యం భోజనశాల గడప దాటి ఫ్యాక్టరీలోకి, ఊళ్లోకి, ఆఫీసులోకి వచ్చే దారిలో మొదటి రెండూ భద్రంగా వచ్చాయి. మూడోది మాత్రం చాలాచోట్ల దారిలోనే జారిపోయింది. నేను ఈ పూట చెప్పదలచుకున్నది దాని గురించే.

ఫ్యాక్టరీ సంగతి చూద్దాం. సమ్మె అంటే ఏమిటి? వెయ్యిమంది కలిసి పని ఆపితే యజమాని దిగివస్తాడు. అందులో యాభైమంది లోపలికి పోయి మెషీన్లు తిప్పితే ఆ వెయ్యిమంది ఇళ్లలో పొయ్యి వెలగని రోజులన్నీ వృథా. అందుకే సమ్మెలో పనికి పోయినవాడి మీద కార్మికులకు అంత కోపం. ఇంగ్లీషులో స్కాబ్ అంటారు, బ్లాక్‌లెగ్ అంటారు. మన యూనియన్లు సమ్మె ద్రోహి అంటాయి. అతణ్ణి కొట్టడం నేరం, పనిలోంచి తీసేయించడం అన్నిచోట్లా కుదరదు. చేతిలో మిగిలిన ఆయుధం ఒక్కటే, మాట్లాడకపోవడం. కూలీనాలీ చేసుకునేవాడికి ఖర్చు లేకుండా దొరికే ఆయుధం అది. అందుకే బ్రిటన్ కార్మికోద్యమంలో కోవెంట్రీ అంత గట్టిగా పాతుకుపోయింది.

1960లో ఈ విషయం మీదే ఒక సినిమా వచ్చింది. పేరు ది యాంగ్రీ సైలెన్స్. దర్శకుడు గై గ్రీన్. అందులో టామ్ కర్టిస్ అనే లేత్ కార్మికుడిగా నటించింది రిచర్డ్ అటెన్‌బరో. ఆ తర్వాత ఇరవై రెండేళ్లకు గాంధీ సినిమా తీసిన అటెన్‌బరోయే. టామ్‌కు ఇద్దరు పిల్లలు, భార్య మళ్లీ కడుపుతో ఉంది. ఫ్యాక్టరీలో యూనియన్ అధికారికంగా పిలవని సమ్మె ఒకటి మొదలవుతుంది. టామ్ అందులో కలవడు. సమ్మె ముగుస్తుంది, అందరూ పనిలోకి వస్తారు. టామ్ శిక్ష అప్పుడు మొదలవుతుంది. లేత్‌లు తిరుగుతుంటాయి, చెవులు చిల్లులు పడే చప్పుడు. ఆ చప్పుడు మధ్య అతనితో మాట్లాడే మనిషి ఒక్కడూ ఉండడు. ఇది ఫ్యాక్టరీ గేటుతో ఆగదు. బడిలో అతని కొడుకు మీద తోటిపిల్లలు పడతారు. చివరికి టామ్ మీద దాడి జరిగి ఒక కన్ను పోతుంది. ఇదంతా చూస్తూ కూడా, అతని ఇంట్లోనే అద్దెకుండే స్నేహితుడు చాలాకాలం నోరు మెదపడు. అతను చెడ్డవాడు కాదు, టామ్ అంటే ఇష్టమే. కానీ 1811 నాటి ఆ రెండో నిబంధన అతనికి తెలుసు. ఈ రోజు పలకరిస్తే రేపు తన వంతు.

ఆ సినిమా యూనియన్లకు వ్యతిరేకమని అప్పట్లో గట్టి విమర్శలే వచ్చాయి. అవి న్యాయమైన విమర్శలే. సమ్మెకు దిగినవాళ్ల కడుపుమంట అందులో అంతగా కనబడదు. అంతకు ముందు ఏడాదే, 1959లో, బౌల్టింగ్ సోదరులు అయామ్ ఆల్ రైట్ జాక్ అని హాస్యచిత్రం తీశారు. అందులోనూ ఒక అమాయకుణ్ణి కోవెంట్రీకి పంపుతారు. పీటర్ సెల్లర్స్ యూనియన్ నాయకుడు. రెండేళ్లలో ఒకే జాతీయం ఒకసారి నవ్వుగా, ఒకసారి ఏడుపుగా తెరకెక్కిందంటే, అప్పటి బ్రిటన్‌లో ఆ మాట జనం నోట ఎంతగా నానుతూ ఉండేదో ఊహించుకోవచ్చు.

సినిమాలో కన్నీళ్లు రెండు గంటల్లో ఆరిపోతాయి. బొగ్గు గనుల్లో అలా కాదు. 1984 మార్చిలో బ్రిటన్ బొగ్గు కార్మికులు సమ్మెకు దిగారు. ప్రధాని మార్గరెట్ థాచర్, కార్మిక నాయకుడు ఆర్థర్ స్కార్గిల్. ఏడాది పాటు సాగి, 1985 మార్చిలో కార్మికుల ఓటమితో ముగిసింది. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఎక్కువమంది సమ్మెలో చేరకుండా గనుల్లోకి దిగుతూనే ఉన్నారు. సమ్మె పోయింది, తర్వాతి ఏళ్లలో గనులూ ఒకటొకటే మూతపడ్డాయి. మౌనం మాత్రం పోలేదు. ఒకే వీధిలో ఉండి, ఒకే పబ్బుకు పోతూ, దశాబ్దాల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములూ తండ్రీకొడుకులూ ఆ పల్లెల్లో ఉన్నారు. సింగరేణి ప్రాంతంలో ఈ మాటలు వింటున్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. షిఫ్టులో భుజం భుజం రాసుకుని పనిచేసినవాడు, పైకప్పు కూలితే నిన్ను బయటికి లాగవలసినవాడు, వాడే నీతో మాట్లాడడు. అక్కడ తిరుగు ప్రయాణం ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి చివరికి గని కూడా మిగల్లేదు.

ఈ కోవెంట్రీకి ఒక తమ్ముడున్నాడు. ఆ తమ్ముడు మనకు బాగా తెలుసు. పేరు బాయ్‌కాట్. అసెంబ్లీ బాయ్‌కాట్, కోర్టు బాయ్‌కాట్, క్లాసుల బాయ్‌కాట్ అని రోజూ వాడేస్తుంటాం. అది ఒక మనిషి ఇంటిపేరు. 1880 నాటికి ఐర్లండ్ కౌలు రైతుల పరిస్థితి దారుణం. పంట సరిగా లేదు, శిస్తు కట్టలేకపోతే భూమిలోంచి గెంటేస్తున్నారు. ఆ సెప్టెంబరు 19న ఎన్నిస్ పట్టణంలో చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ పెద్ద సభలో మాట్లాడాడు. పొరుగువాణ్ణి గెంటేసిన భూమిని కౌలుకు పట్టినవాణ్ణి ఏం చేయాలని జనాన్ని అడిగాడు. చంపాలని కేకలు వచ్చాయి. అంతకన్నా మంచి దారి ఉందన్నాడు పార్నెల్. రోడ్డు మీద, వీధిలో, కొట్లో, సంతలో, ఆఖరికి ప్రార్థనామందిరంలోనూ వాడికి దూరంగా ఉండమన్నాడు. నైతికమైన కోవెంట్రీలో పెట్టమని ఆ మాటే వాడి చెప్పాడు.

కొద్దిరోజులకే మేయో కౌంటీలో ఆ మాట అమల్లోకి వచ్చింది. అక్కడ లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. రైతులు శిస్తులో పాతిక శాతం తగ్గించమన్నారు, భూస్వామి పది శాతానికి మించి కుదరదన్నాడు. గెంటివేత నోటీసులు వచ్చాయి. దాంతో బాయ్‌కాట్ పొలంలో కూలీలు పని మానేశారు. ఇంట్లో నౌకర్లు వెళ్లిపోయారు. కొట్టువాడు సరుకు అమ్మలేదు. చేలో పంట చేలోనే ఉండిపోయింది. పంట కోయడానికి వేరే ప్రాంతం నుంచి యాభైమంది వచ్చారు. వాళ్లకు కాపలాగా వెయ్యిమంది దాకా సైనికులూ పోలీసులూ. ఐదు వందల పౌండ్ల పంట ఇల్లు చేరడానికి పది వేల పౌండ్లు ఖర్చయిందని ఆనాటి లెక్క. డిసెంబరులో బాయ్‌కాట్ ఐర్లండే వదిలిపోయాడు. ఆయన పోయినా ఆయన పేరు మాత్రం ప్రపంచమంతా తిరిగి మన స్వదేశీ ఉద్యమం దాకా వచ్చింది.

ఇక్కడ ఒక తేడా ఉంది. బాయ్‌కాట్ వెనక భూస్వామి ఉన్నాడు, సర్కారు ఉంది, తుపాకులున్నాయి. అతనికి ఎదురు నిలిచినవాళ్ల చేతిలో ఉన్నది మాటా పనీ మానేయడం ఒక్కటే. పైగా మూడో నిబంధన అక్కడ స్పష్టంగా ఉంది. శిస్తు తగ్గించు, గెంటివేతలు ఆపు, మేం మళ్లీ పనిలోకి వస్తాం అని. ఏం చేస్తే మౌనం ముగుస్తుందో అందరికీ తెలుసు.

సరిగ్గా మరుసటి ఏడాది మన రాజమహేంద్రవరంలోనూ ఒక బహిష్కారం జరిగింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించారు. ఊళ్లో పెద్దలు భగ్గుమన్నారు, వెలి పడింది. వంటవాళ్లు రాలేదు, పనివాళ్లు మానేశారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి నీళ్లు తానే మోసుకొచ్చి, వచ్చినవాళ్లందరికీ తానే వండి వడ్డించారు. ఇక్కడా తిరిగొచ్చే దారి ఉంది. దాని పేరు ప్రాయశ్చిత్తం. చేసిన మంచిపని తప్పని ఒప్పుకుంటే పంక్తిలో మళ్లీ ఆకు వేస్తారు. కొందరు ఆ ఒత్తిడికి తలొగ్గారు. పంతులుగారు, రాజ్యలక్ష్మమ్మగారు తలొగ్గలేదు. కాబట్టి తిరుగు ప్రయాణం ఉందా లేదా అని అడిగితే సరిపోదు, దానికి ఏ ధర అడుగుతున్నారో కూడా అడగాలి.

పై నుంచి కిందికి వాడినప్పుడు ఈ ఆయుధం ఎంత క్రూరమో మనకు చుండూరు చెప్పింది. అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో 1991లో దళితులను బహిష్కరించారు, పనుల్లోకి పిలవడం మానేశారు. ఆ బహిష్కారం ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య దాకా పోయింది. మేయోలో కూలీలు పనికి రామన్నారు, చుండూరులో కూలీలను పనికి రావద్దన్నారు. పైకి చూస్తే రెంటినీ బహిష్కారమనే అంటాం. దళితులనూ ఆదివాసులనూ సాంఘికంగా, ఆర్థికంగా బహిష్కరించడాన్ని అత్యాచారాల నిరోధక చట్టం నేరంగా చూస్తుంది. 2015 సవరణ ఆ మాటను చట్టంలో సూటిగా రాసింది, 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది.

ఇక మన రోజువారీ ఆఫీసుకు వద్దాం. అక్కడ జెండాలుండవు, సమ్మె ఉండదు. కానీ కోవెంట్రీ ఉంటుంది. పదకొండింటికి టీ వస్తుంది. ఆరుగురు లేస్తారు, ఏడో మనిషి సీటు పక్కనుంచే నడిచిపోతారు. లంచ్ బాక్సులు తెరిచిన బల్ల దగ్గర ఆమె వచ్చేసరికి మాట తెగిపోతుంది. వాట్సాప్‌లో పాత గ్రూపు మూగబోతుంది, ఆమె లేని కొత్త గ్రూపు ఒకటి మొదలవుతుంది. పక్క సీటువాడు రెండడుగుల దూరంలో ఉండి కూడా మెయిల్ పెడతాడు, పై అధికారికి కాపీతో. సర్కారీ ఆఫీసైతే నోట్ ఫైల్ మీద రాసి పంపుతాడు. డ్యూటీ మాట తప్ప వేరే మాట ఉండకూడదన్న 1811 నాటి నిబంధన ఎంత పక్కాగా అమలవుతుందో చూడండి. ఎవరైనా అడిగితే, "మేమేం అన్లేదే!" అంటారు. నిజమే, ఏమీ అనలేదు. అభియోగం పెట్టడానికి ఒక్క మాట కూడా దొరకదు. ఇప్పుడు బ్రిటన్‌లో ఉద్యోగ తగాదాల్లో సలహాలిచ్చే ఎకాస్ అనే సంస్థ, సహోద్యోగుల కలయికలకు కావాలని ఒకరిని పిలవకపోవడాన్ని కూడా పనిచోట వేధింపులకు ఉదాహరణగా చూపిస్తుంది.

ఆఫీసు కోవెంట్రీలో అన్నిటికన్నా హింస ఏమిటంటే, చాలాసార్లు ఆ మనిషికి తాను చేసిన తప్పేమిటో తెలియదు. ప్రమోషన్ వచ్చిందనా? లంచం పంపకంలో చేయి కలపలేదనా? పై అధికారికి నిజం చెప్పిందనా? కారణమే చెప్పనప్పుడు, దిద్దుకుని తిరిగొచ్చే దారి ఎక్కడుంటుంది? సైన్యం భోజనశాలలో తప్పేమిటో చెప్పి మరీ శిక్ష వేసేవాళ్లు. ఇక్కడ శిక్ష ముందు, తప్పు ఏమిటో ఎప్పటికీ తేలదు.

బ్రిటన్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన నర్సులకూ, సాఫ్ట్‌వేర్ పిల్లలకూ ఈ జాతీయం ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. అమెరికాలో దీన్ని అంతగా వాడరు. బ్రిటన్‌లో పాత తరం ఇంకా వాడుతుంది. ఫలానావాణ్ణి కోవెంట్రీకి పంపామని ఎవరైనా అంటే, అర్థం తెలిసింది కదా అని నవ్వి ఊరుకోకండి. రెండు ప్రశ్నలు అడగండి. అతను ఏం చేశాడు? ఏం చేస్తే మీరు మళ్లీ మాట్లాడతారు? ఈ రెంటికీ సూటిగా జవాబు వస్తే, అది ఒక తగాదా. అందులో ఎవరిది న్యాయమో మీరే తేల్చుకోవచ్చు. సమ్మెలో నష్టపోయినవాళ్ల బాధ కూడా వినాలి మరి. జవాబు రాకపోతే, అది తగాదా కాదు, ఒక మనిషిని వేటాడడం. అప్పుడు రెండో నిబంధనకు భయపడకుండా ఆ మనిషి బల్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి. ఆ నిబంధనకు ఉన్న బలమంతా మన భయంలోదే. పలకరించేవాళ్లు ఇద్దరు ముగ్గురైతే, ఎంతమందిని పంపగలరు కోవెంట్రీకి?